వచ్చిపోయే బొమ్మ

మా కొట్లో కంప్యూటరు తెర మీద అక్షరాల కంటే బొమ్మలు ఎక్కువ. తిరువూరులో జిరాక్సు కొట్లు చాలా ఉన్నాయి కానీ ఇలాంటి తెర ఇంకెక్కడా ఉండదు. కోడిపుంజు మీద నొక్కితే అద్దం మీద పెట్టిన కాగితాన్ని లోపలికి లాక్కుంటుంది. మామిడికాయ మీద నొక్కితే పాస్‌పోర్టు సైజు ఫొటోలు కత్తిరించే కిటికీ తెరుచుకుంటుంది. చేద నొక్కితే జనం తమ ఫోన్లలోంచి పంపిన కాగితాలన్నీ వరసగా పైకి వస్తాయి. అన్నీ మా ఇంటి వస్తువులే. పుంజు మా పుంజే, చేద మా బావిదే. మా ఆయన వాటికి ఫొటోలు తీసి నా కోసం అక్కడ పెట్టాడు.

నేను బడికి పోయింది తక్కువ, పత్తి చేలో ఉన్నది ఎక్కువ. తెలుగు అక్షరాలు ఒక్కొక్కటి ఏరుకుని చదువుతాను. ఇంగ్లీషువైతే ఆకారాన్ని బట్టి గుర్తుపడతాను, ఇది పాములా ఉంది, ఇది నిచ్చెన మెట్టులా ఉంది అని. అందుకే నేను చెబుతుంటే ఇంకొకరు రాస్తున్నారు. రాసేవాళ్ళు మాట సరిచేస్తారేమో గానీ జరిగింది మాత్రం ఇదే.

ఆ కంప్యూటరు పాతది. వచ్చేవాళ్ళంతా పెన్ డ్రైవులు పెట్టి పెట్టి దానికి వైరస్సులు అంటించేవాళ్ళు. విసిగిపోయి ఆయన వైరస్సు పట్టని సిస్టం ఏదో ఎక్కించాడు. అందులో నల్లటి తెర ఒకటి ఉంటుంది. బొమ్మలు పెట్టడమంతా ఆ నల్ల తెర మీదే. నేను పక్కన స్టూలు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ చూసేదాన్ని. ముందు ఒక చీటీ లాంటిది రాసేవాడు. బొమ్మ కింద ఏ పేరుండాలి, ఏ ఫొటో కనపడాలి, నొక్కితే ఏ పని జరగాలి, అంతే ఆ చీటీలో ఉండేది. తర్వాత నల్ల తెర మీద ఒక వరస కొట్టి ఎంటర్ నొక్కేవాడు. పక్క తెర మీద మా పుంజు లేచి నిలబడేది. ఒకసారి నేను అడిగాను, అది పని అయిందని ఏమీ చెప్పదేంటి అని. తప్పుంటేనే మాట్లాడుతుందే, అంతా బాగుంటే నోరు మూసుకుని ఉంటుంది అన్నాడు. ఆ మాట అప్పుడు నవ్వులాటగా విన్నాను.

ఆయనకి కిడ్నీలు పాడయ్యాయి. విజయవాడ తీసుకెళ్ళడం, తీసుకురావడం, దాంతోనే చాలా రోజులు గడిచాయి. కొట్లో చిన్న పనులు నాకు అప్పుడే అప్పజెప్పాడు. పెద్ద పనులు, అంటే పాసుపుస్తకం రెండు వైపులా ఒకే కాగితం మీద తీయడం, ఫొటో వెనక రంగు మార్చడం, ఇవి రేపు నేర్పుతా ఎల్లుండి నేర్పుతా అనేవాడు. ఒకరోజు పగటి పూట, వెనక గదిలో, అన్నం కంచం పక్కన ఉండగానే పోయాడు.

పంతులుగారు గడియ చూసి నక్షత్రం మంచిది కాదన్నారు. అలాంటి నక్షత్రంలో మనిషి పోతే ఇల్లు మూసెయ్యాలి. నెలల తరబడి అందులో పొయ్యి వెలిగించకూడదు, దీపం పెట్టకూడదు, మనిషి కాలు పెట్టకూడదు. కర్మకాండ అంతా మరిది వాళ్ళింట్లో చేశారు. తర్వాత ముందు గుమ్మానికి ముళ్ళకంప అడ్డం పెట్టి, కొట్టు షట్టరు దించేసి, నన్ను దొడ్డిదారిన బయటికి తీసుకొచ్చారు. వెనక్కి తిరిగి చూడకూడదని చెప్పారు. నేను చూడలేదు. మా పుట్టింటికి, పెనుగొలనుకి, మా అన్నయ్యతో ఆటోలో పోతుంటే గంపలగూడెం దగ్గర గుర్తొచ్చింది, కొట్లో స్విచ్చి కట్టెయ్యలేదని. వెనక్కి పోదామా అని నోటి దాకా వచ్చింది. వదిలేసిన ఇంటికి మళ్ళీ పోకూడదు కదా, మింగేశాను.

అదే నేను చేసిన తప్పు. ఆ స్విచ్చి వల్ల మా ఇంటికి ఎలాంటి పేరొచ్చిందంటే, మా ఎదురింట్లో జాకెట్లు కుట్టే అక్క పెనుగొలను దాకా ఫోన్ చేసింది. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయి వచ్చినప్పుడల్లా, మూసిన షట్టరు లోపల ప్రింటరు తిరుగుతున్న చప్పుడు వస్తోందంట. గుర్రుమని లేచి, నాలుగు తిరుగుళ్ళు తిరిగి, ఆగిపోతుందంట. లోపల మనిషి కాగితాలు తీసుకుంటున్నట్టే ఉంది అంది.

“మీ ఆయన దుకాణం మూసినట్టు లేదే. మేం ఆ వైపు నడవడమే మానేశాం.”

ఆ ప్రింటరుకి అది అలవాటే, కరెంటు రాగానే ఒకసారి వళ్ళు విరుచుకుంటుంది. నాకు తెలుసు. అక్కకి అదే చెప్పాను. కానీ చేలో పత్తి తీస్తుంటే ఎండ నెత్తి మీదికి రాగానే నా చెవిలో ఆ గుర్రు వినిపించేది. తెలిసిన సంగతి కూడా దూరం నుంచి వింటే వేరేగా ఉంటుంది.

గడువు అయ్యాక శాంతి చేయించారు. ముళ్ళకంప తీసి, ముందు ఆవుని ఇంట్లోకి నడిపించాలి. ఆవు తిరిగిన చోటల్లా ఇల్లు శుద్ధి అయినట్టు. మా మరిది వాళ్ళ ఆవునే పట్టుకొచ్చాడు. బుద్ధిగా ముందు గదిలో తిరిగింది, వంటింట్లో తిరిగింది, ఆయన పోయిన వెనక గదిలోకీ పోయింది. ఇంట్లోంచి కొట్లోకి ఒక మెట్టు ఎక్కాలి. అక్కడ ఆగిపోయింది. మరిది పలుపు లాగాడు, వెనక నుంచి నెట్టారు, గడ్డి చూపించారు. ముందు కాళ్ళు బిగదీసుకుని, చెవులు నిక్కబొడిచి, చీకటిగా ఉన్న ఆ గదిలోకి చూస్తూ నిలబడింది. చివరికి గుమ్మం దగ్గరే మూత్రం పోసింది. ఇది చాలు, అదీ పవిత్రమే అన్నారు పంతులుగారు. ఆయనకి విస్సన్నపేటలో ఇంకో పని ఉంది. అలా ఇల్లంతా శుద్ధి అయింది, కొట్టు కాలేదు.

మర్నాడు పొద్దున్నే షట్టరు ఎత్తాను. దుమ్ము వాసన, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. ప్రింటరు నోట్లోంచి ఒక కాగితం సగం బయటికి వచ్చి ఉంది. తెల్లది. రెండు వైపులా తిప్పి చూశాను, ఏమీ లేదు. ఊడ్చి తుడిచి కంప్యూటరు ఆన్ చేశాను. నా బొమ్మలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఊపిరి పీల్చుకున్నాను.

ఆయన బటన్ల ఫోను బల్ల సొరుగులోనే ఉంది. కొట్టు బోర్డు మీద ఉన్నది ఆ నంబరే. నాకు వేరే ఫోను ఉంది గానీ గిరాకీ చేసేది దానికే. దాని చార్జరు ఎటు పోయిందో, కంప్యూటరుకి పెట్టే వైరు మాత్రం దొరికింది. వైరు పెట్టగానే ఫోను ఇంగ్లీషులో ఏదో అడిగింది. అది ఏమి అడిగినా నేను మధ్య బటన్ నొక్కుతాను, అంతే. నొక్కి, చీపురు మూల పెట్టి, తిరిగి తెర వైపు చూశాను.

మామిడికాయ పక్కన కొత్త బొమ్మ ఉంది.

దగ్గరికి పోయి చూశాను. కుర్చీలో కూర్చున్న ఒక ఆడమనిషి, వెనక నుంచి. ఎదురుగా కంప్యూటరు. ఆ కుర్చీ మా కుర్చీ, వీపు మీద చిరుగు కూడా ఉంది. ఆ మనిషి నేనే. తలలో పువ్వులు లేవు. ఆయన ఉండగా పువ్వులు లేకుండా నేను కొట్లోకి వచ్చి ఎరగను. అయినా ఆయన ఉండగా ఆ కుర్చీలో కూర్చునేదాన్ని కూడా కాదు, నాది స్టూలు. ఇప్పుడు, ఈ పొద్దున, నేను ఎలా ఉన్నానో అలా ఉంది ఆ బొమ్మ. వెనక్కి తిరిగి చూశాను. నా వెనక గోడ, గోడకి క్యాలెండరు. మనిషి నిలబడి ఫొటో తీసేంత చోటు కూడా లేదు అక్కడ.

బొమ్మ కింద చిన్న పేరు ఉంది. కూడబలుక్కుని చదివాను. తోడు.

అప్పుడే ఫోను మోగింది. వైరు పీకి మాట్లాడాను. లామినేషన్ చేస్తారా అని ఎవరో అడిగారు. మాట్లాడి తెర వైపు చూస్తే బొమ్మ లేదు. ఆ చోటు ఖాళీ.

కొన్నాళ్ళు ఇలాగే నడిచింది. వచ్చేది, పోయేది. పొద్దున వచ్చి మధ్యాహ్నానికి పోయేది. ఒక్కోరోజు అసలు వచ్చేది కాదు. నేను ఎవరికీ చెప్పలేదు, నొక్కలేదు కూడా. కానీ కొట్లో కూర్చున్నవాళ్ళకి తెర కనపడుతుంది కదా. జాకెట్ల అక్క ఆధార్ కాపీకి వచ్చి బల్లకి ఆనుకుని నిలబడింది. నేను మాట్లాడుతూ ఫోనుకి వైరు పెట్టాను. ఆమె కళ్ళ ముందే ఆ బొమ్మ పైకి తేలింది. అక్క ఆధార్ కార్డు అద్దం మీదే వదిలేసి ఇంటికి పోయింది. సాయంత్రానికి వీధంతా తెలిసింది. ఆవు ఎక్కని గది కదా అన్నారు. గిరాకీ తగ్గింది.

మా మరిది వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపలికి రాలేదు. అతనికి మామిడి తోటలు కౌలుకి పట్టే వ్యాపారం. ఎండలో తిరిగిన మనిషి, భయస్తుడు మాత్రం కాదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని మెల్లగా మొదలుపెట్టాడు.

“వదినా, అన్నయ్య వస్తువులన్నీ చాకలికి ఇచ్చేశాం. ఇదొక్కటే మిగిలింది. సోమవారం విస్సన్నపేట నుంచి కంప్యూటరు చేసే అతను వస్తాడు. లోపల ఉన్నదంతా తుడిచేసి కొత్తది వేస్తాడు.”

“తుడిస్తే నా బొమ్మలు?”

“అవీ పోతాయి. కొత్త దాంట్లో పేర్లు ఇంగ్లీషులో ఉంటాయిగా. నీకు ఇబ్బందైతే కొట్టు ఎవరికైనా అద్దెకిద్దాం. సెల్‌ఫోన్ల కొట్టు పెడతామని అడుగుతున్నారు కూడా. నువ్వు ఇంట్లో కూర్చో.”

అతను చెడ్డగా అనలేదు. కానీ నేను ఇంట్లో కూర్చుంటే ఏమవుతానో నాకు కనపడింది. పుంజు లేకపోతే, చేద లేకపోతే, ఆ తెర నాకు గోడే. బొమ్మలు పోయిన రోజున కొట్టూ పోతుంది. కొట్టు పోతే నేను మళ్ళీ పత్తి చేలోకి, లేదా మరిది వాళ్ళ వంటింట్లోకి. ఆయన కూర్చోబెట్టిన చోటు నుంచి నన్ను లేపేది ఆ కొత్త బొమ్మే. దాని సంగతి ఏంటో సోమవారం లోపల నేను తేల్చుకోవాలి.

ఆ మధ్యాహ్నం వీధి నిద్రపోతోంది. షట్టరు సగానికి దించి, ఫోనుకి వైరు పెట్టాను. బొమ్మ వచ్చింది. మౌసు మీద చెయ్యి పెట్టి నొక్కాను.

మొదట ఏమీ లేదు. తర్వాత ఫ్యాను చప్పుడు వచ్చింది. మా కొట్టు ఫ్యాను కాదు. వెనక గది ఫ్యాను టకటకమంటూ తిరుగుతుంది, ఆ చప్పుడు. ఆ ఫ్యాను ఆయన పోయిన రోజు కట్టేసింది, మళ్ళీ వెయ్యలేదు. ఆ చప్పుడు ఇప్పుడు స్పీకర్లోంచి వస్తోంది. ఎవరో ఆయాసపడుతున్నారు. దూరంగా బస్సు హారను. అప్పుడు ఆయన గొంతు, పక్కన నిలబడి అడిగినట్టు.

“కాగితం పెట్టావా?”

రోజూ అడిగే మాటే అది. ప్రింటు తీసే ముందు కాగితం లేకుండా నొక్కేస్తానని నా మీద నమ్మకం లేదు ఆయనకి. అడిగి ఊరుకున్నాడు. నా జవాబు కోసం ఆగినట్టు ఆయాసం వినపడుతోంది. లేచి ప్రింటరు చూశాను. నిజంగానే కాగితం లేదు. పెట్టాను. పెట్టీ పెట్టగానే సరే, ఇప్పుడు పుంజుని నొక్కు, పాసుపుస్తకం బోర్లా పెట్టు అన్నాడు. నేను ఎంతసేపు తీసుకుంటానో అంతసేపూ ఆగుతున్నాడు. నా చేతుల వేగం ఆయనకి తెలుసు. నేను తడబడే చోటు కూడా తెలుసు. అక్కడ ఇంకొంచెం ఎక్కువసేపు ఆగాడు.

మధ్యలో ఒక ఆడమనిషి గొంతు వచ్చింది, లోపల నుంచి, గిన్నెల చప్పుడుతో కలిసి. ఏవండీ, అన్నం చల్లారిపోతోంది, రండి అంటోంది. నా గొంతే. నేను ఇక్కడ కూర్చుని, అక్కడ వంటింట్లోంచి ఆయన్ని పిలుస్తున్నాను. ఆ పిలిచే మనిషికి ఇంకా ఏమీ తెలియదు. పువ్వులు పెట్టుకుని ఉండి ఉంటుంది. ఆయన కాసేపు ఊపిరి తీసుకుని, నాతో కాదు, ఆమెతో అన్నాడు.

“వస్తున్నా.”

అక్కడితో ఆగిపోయింది. ఫ్యాను కూడా ఆగిపోయింది.

తర్వాత మా అన్నయ్య కూతురికి ఫోన్ చేశాను. విజయవాడ హాస్టల్లో ఉండి కంప్యూటర్లే చదువుతోంది. అంతా విని, భయపడలేదు, ఆ నల్ల తెర మీద ఏముందో నా ఫోనుతో ఫొటోలు తీసి పంపమంది. ఏది నొక్కాలో, ఏది కొట్టాలో చెప్పింది, కొట్టాను, ఫొటో తీసి పంపాను. కాసేపటికి తనే తిరిగి ఫోన్ చేసింది.

“అత్తా, దయ్యం కాదు. మామయ్య చీటీలో ఒక లైను ఎక్కువ రాశాడు. ఫలానా వస్తువు ఉందో లేదో ముందు చూసుకో, లేకపోతే బయటికి రాకు, అని. ఆ వస్తువు మామయ్య ఫోను. నీకు నేర్పడానికి గొంతు రికార్డు చేసి పెట్టింది ఆ ఫోన్లోనే కదా.”

అప్పుడు అర్థమైంది. వైరు పెట్టి మధ్య బటన్ నొక్కితే ఫోను కంప్యూటరుకి తలుపు తీస్తుంది. నొక్కడం మర్చిపోయిన రోజు తియ్యదు. ఆయన్ని పిలిచింది నా వేలే. ఆయన బతికుండగా ఫోను ఎప్పుడూ ఆయన జేబులోనే ఉండేది కాబట్టి ఆ బొమ్మ నా కంట పడలేదు. మరి పువ్వులు లేని తల సంగతేంటి అని అడిగాను. నువ్వు తలంటుకున్న రోజు తీసి ఉంటాడు అత్తా అంది. ఆసుపత్రి నుంచి వచ్చి తలంటుకున్న రోజు ఒకటి ఉంది, నిజమే. ఆ రోజు ఒకసారి నన్ను కుర్చీలో కూర్చోమన్నాడనిపిస్తుంది. కూర్చున్నానో లేదో గుర్తు లేదు. చీర చూద్దామంటే ఆ ఫోను ఫొటోలో రంగులు తేలవు.

ఇంకో చిక్కుంది. ఆ ఫోను బ్యాటరీ ఉబ్బిపోయింది. వెనక మూత పట్టక రబ్బరు బ్యాండు వేసి ఉంచాను. ఇప్పుడు వైరు పెడితే కాలుతోంది, దానంతటదే ఆరిపోతోంది. నా బొమ్మలన్నిటి చీటీలూ ఫొటో తీసి తనకి పంపించమని, తుడిచేసినా అవి మళ్ళీ పెట్టగలనని అమ్మాయి అంది. గొంతు మాత్రం ఫోను పోతే పోయినట్టే. ఆ పెద్ద పనులు నేర్పే మనిషి మరి లేడు. తనకి పరీక్షలు, సోమవారం లోపల రావడానికి కుదరదు. నువ్వే చెయ్యాలి అత్తా, నేను అక్షరం అక్షరం చెబుతా అంది.

ఆదివారం పొద్దున మొదలుపెట్టాం. నా ఫోను టీ గ్లాసుకి ఆనించి పెట్టాను, అమ్మాయి గొంతు అందులోంచి వస్తోంది. ఆయన ఫోను కింద తడిగుడ్డ మడత పెట్టాను వేడికి. ముందు గొంతుని కంప్యూటరు లోపలికి తెచ్చుకోవాలి. ఒక్కో అక్షరం చెబుతుంటే కీ వెతుక్కుని కొట్టాను. ఎంటర్ నొక్కాను. నల్ల తెర ఏమీ అనలేదు. కానీ వేడికి గుడ్డ నుంచి ఆవిరి లేస్తోంది, నేను భయపడి, అయిందేమో అనుకుని వైరు లాగేశాను. తెర మీద ఒక వరస పడింది. ఇంగ్లీషు. ఆయన చెప్పింది గుర్తొచ్చింది, తప్పుంటేనే మాట్లాడుతుంది అని. ఫొటో తీసి పంపాను. అమ్మాయి అది చదివి చెప్పింది.

“సగమే వచ్చింది అత్తా. మళ్ళీ పెట్టాలి.”

ఆయన ఫోను ఆరిపోయి ఉంది. బటన్ నొక్కి పట్టుకున్నాను. వెలగలేదు. బ్యాటరీ తీసి, ఫ్యాను కింద నేల మీద పెట్టి, పక్కన చతికిలబడ్డాను. వీధిలో ఎవరూ లేరు. ఎదురింట్లో కుట్టు మిషను మాత్రం నడుస్తోంది, ఆగుతోంది, నడుస్తోంది. ఏవండీ, ఇంకొక్కసారి రండి అన్నాను, పైకే అన్నాను. అమ్మాయి వినే ఉంటుంది. చల్లారాక బ్యాటరీ వేసి నొక్కాను. వెలిగింది. వైరు పెట్టాను, అడిగింది, మధ్య బటన్ నొక్కాను. మళ్ళీ అదే వరస కొట్టాను. ఈసారి చెయ్యి వైరు దగ్గరికి పోనివ్వలేదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అయింది అత్తా, తియ్యి అని అమ్మాయి అన్నాకే తీశాను. ఆ ఫోను మళ్ళీ వెలగలేదు.

ఇక చీటీ దిద్దాలి. గొంతు ఎక్కడుందో కొత్త చోటు రాయాలి. ఫోను ఉంటేనే రా అన్న ఆ లైను తీసేస్తే బొమ్మ ఎప్పుడూ తెర మీదే ఉంటుందని, తీసేయమంటావా అని అడిగింది అమ్మాయి. నేను వద్దన్నాను. ఎప్పుడూ ఉంటే గోడ మీద దండేసిన ఫొటో అయిపోతాడు. మనిషి పొద్దున రావాలి, సాయంత్రం పోవాలి. కొట్టు నేను తెరిస్తే రావాలి, నేను మూస్తే పోవాలి. దానికేమన్నా ఉపాయం ఉందా అన్నాను. అమ్మాయి ఆలోచించి, పెన్ డ్రైవు ఉందా అంది. ఉంది, ఎవరో మర్చిపోయింది. అది పెడితేనే బొమ్మ వచ్చేలా రాద్దాం అంది. గొంతు మాత్రం కంప్యూటరు లోపలే ఉంటుంది అత్తా, బొమ్మే వచ్చిపోతుంది అని కూడా చెప్పింది.

ఆ వరస చాలా పొడుగు. అడ్డగీతలు, వాలుగీతలు, మధ్యలో ఖాళీలు. కొట్టాను. నల్ల తెర ఏమీ అనలేదు. చివరగా చీటీ సరిగా ఉందో లేదో చూసే మాట ఇంకొకటి ఉందంట, అదీ కొట్టించింది. ఎంటర్ నొక్కి ఇద్దరం ఎదురుచూశాం. తెర మీద చిన్న గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. ఏమీ అనలేదు. మాట్లాడకపోతే మంచిదే అని అటు నుంచి అమ్మాయి, ఇటు నుంచి నేను, ఒకేసారి అన్నాం. పెన్ డ్రైవు పెట్టాను. కుర్చీలో కూర్చుని, వీపు ఇటు పెట్టి, నేను తెర మీదికి వచ్చాను.

సోమవారం మరిది, విస్సన్నపేట అతను కలిసి వచ్చారు. అతను కుర్రాడిలా ఉన్నా మర్యాదస్తుడు, ఏమన్నా దాచుకోవాలా అమ్మా అని అడిగాడు. ముందు ఈ గిరాకీ చూస్తాను కూర్చోండి అన్నాను. గంపలగూడెం నుంచి ఒక రైతు పాసుపుస్తకం పట్టుకొచ్చి నిలబడి ఉన్నాడు, రెండు వైపులా ఒకే కాగితం మీద కావాలంట. అది నేను చెయ్యలేనని మరిదికి తెలుసు. గుమ్మం దాటి లోపలికి వచ్చి నా కుర్చీ వెనకే నిలబడ్డాడు.

నొక్కాను. ఫ్యాను టకటకమంది. మరిది తల ఎత్తి పైన ఫ్యాను చూశాడు, అది తిరగడం లేదు, కరెంటు ఆదా అని నేనే కట్టేశాను. కాగితం పెట్టావా అంది గొంతు. మరిది చెయ్యి కుర్చీ వీపు మీద బిగుసుకుంది, నాకు తెలిసింది. నేను పెట్టాను అని, పెట్టి, పుంజుని నొక్కి, పుస్తకం బోర్లించి, ఆయన ఆగిన చోట చేస్తూ, చెప్పిన చోట వింటూ పని చేసుకుపోయాను. ఒక వైపు వచ్చింది. తిప్పి పెట్టాను. రెండో వైపూ వచ్చింది. రైతు కాగితం వెలుతురులో పట్టుకుని చూసుకున్నాడు. ఎవరండీ మాట్లాడేది అన్నాడు. మా ఆయన అన్నాను. అప్పుడే వంటింట్లోంచి నేను అన్నానికి పిలిచాను, ఆయన వస్తున్నా అన్నాడు.

మరిది బయటికి వెళ్ళిపోయాడు. బెంచీ దగ్గరికి కాదు, రోడ్డు అవతల జాకెట్ల అక్క గుమ్మం దాకా పోయి, అక్కడ నిలబడి ఇటు చూస్తున్నాడు. అన్నదమ్ములు, ఒకే గొంతు వాళ్ళది. చిన్నప్పటి నుంచి ఆ మాట విని ఉంటాడు. నేను షట్టరు దగ్గరికి వచ్చాను. అతను అక్కడి నుంచే అన్నాడు.

“ఉండనీ వదినా. తుడవద్దు. కొట్టు నువ్వే చూసుకో. నన్ను మాత్రం లోపలికి పిలవకు.”

ఆ మాట మీదే ఉన్నాడు. ఇప్పటికీ ఏమన్నా ఇవ్వాల్సి వస్తే బెంచీ మీద పెట్టి కేక వేస్తాడు. జనం మళ్ళీ వస్తున్నారు. కొందరు నిజంగా పని ఉండి, కొందరు ఆ గొంతు విందామని. జాకెట్ల అక్క ఆధార్ కార్డు నా దగ్గరే ఉంది, ఇంకా తీసుకెళ్ళలేదు.

పెన్ డ్రైవు నా తాళాల గుత్తికి కట్టుకున్నాను. పొద్దున షట్టరు తాళం తీస్తాను, అదే గుత్తి కంప్యూటరుకి పెడతాను. సాయంత్రం పీకి బొడ్లో దోపుకుంటాను. పెద్ద పనులకి ఇప్పుడు చెయ్యి తిరిగింది, వినకుండానే చెయ్యగలను. అయినా వింటాను.

మొన్న ఒక పొద్దున షట్టరు ఎత్తి, గుత్తి మళ్ళీ బొడ్లో దోపుకుని, కంప్యూటరు ఆన్ చేసి ఊడ్చుకుంటున్నాను. తలెత్తితే మామిడికాయ పక్కన బొమ్మ ఉంది. నడుం తడుముకున్నాను. గుత్తి ఉంది, పెన్ డ్రైవూ ఉంది. అమ్మాయికి ఫోన్ చేశాను. ఒక్కోసారి తెర పాత బొమ్మనే పట్టుకుని ఉంటుంది అత్తా, కంప్యూటరు కట్టేసి మళ్ళీ ఆన్ చేస్తే పోతుంది అంది. అయి ఉంటుంది. తను చదువుకున్నది, నేను కాదనను. కానీ కట్టెయ్యలేదు.

చీపురు మూల పెట్టాను. వెనక ప్రింటరు గుర్రుమని లేచింది, కరెంటు పోయి వచ్చిందో ఏమో, నేను చూసుకోలేదు. నాలుగు తిరుగుళ్ళు తిరిగి ఆగింది. అడిగే దాకా ఎందుకులే అనిపించింది. కాగితాల కట్ట విప్పి ప్రింటరు ట్రేలో సర్దాను.

“పెట్టానండీ” అన్నాను.

నల్ల తెర లాగే ఏ జవాబూ లేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.